బెడ్ ఖాళీ అంటే

‘వెంటనే’ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీసి, ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు నొక్కిన చోట చిన్న ఎర్రటి గుంటలు పడ్డాయి. వాటిని బొటనవేలితో, చూపుడువేలితో రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశారు. ఎదుటి భవనం మూడో అంతస్తులో ఒక మనిషి తడిబట్టలు దులిపి దులిపి తీగ మీద ఆరేస్తున్నాడు. నీళ్ళ తుంపర్లు ఎండలో ఒక్క క్షణం మెరిసి పోతున్నాయి. చూస్తూంటే హాయిగానే ఉంది గాని, అలా చూస్తూ కూర్చుంటే బస్సు పోతుంది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగారు.

ఆసుపత్రివాళ్ళు పంపిన వాక్యం అది. ‘రోగి వెళ్ళిపోయిన వెంటనే బెడ్ ఖాళీ అయినట్టు చూపాలి.’ చదివితే చిన్నపిల్లలకైనా అర్థమయ్యేలా ఉంది. ఆయన్ని ఇన్నేళ్ళూ తిప్పలు పెట్టినవన్నీ ఇలా చదవగానే అర్థమైపోయే వాక్యాలే. వెళ్ళిపోవడం అంటే ఇంటికా, ఇంకో వార్డుకా, అసలు ఈ లోకం నుంచేనా? ఖాళీ అంటే మనిషి లేకపోవడమా, దుప్పటి మార్చడమా? చూపాలంటే ఎవరికి చూపాలి? ఇక వెంటనే సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మాటకి అర్థం తనకి తెలుసని అనుకోని మనిషి ఆయనకి ఇంతవరకూ తగల్లేదు. ఇద్దరికి తెలిసిన అర్థం ఒకటే అయిన సందర్భమూ తగల్లేదు.

వంటింట్లోంచి అత్తగారు పిలిచారు. “బాబూ, అదేదో ఇలా అందుకోండి.”

ఆయన లేచి వెళ్ళి గోడకి తగిలించిన టీ వడపోత తీసి ఆవిడ చేతికిచ్చారు. పొద్దుటిపూట ‘అదేదో’ అంటే వడపోత, సాయంత్రమైతే మందుల డబ్బా. ఇంట్లో మాత్రం ‘అంటే?’ అని అడగడం ఆయన ఎప్పుడో మానేశారు.

ఆవిడ ఆయన భార్యకి తల్లి. భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పుడు తోడుగా వచ్చిన అత్తగారు అలాగే ఉండిపోయారు. ఉండమని ఆయన అనలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు. పక్క వాటాలవాళ్ళు ఆవిడ ఆయన తల్లే అనుకుంటారు. కాదని చెప్పాలంటే తక్కిన కథంతా చెప్పాలి కాబట్టి ఇద్దరూ ఊరుకున్నారు. ఆయనేం చేస్తారని ఎవరైనా అడిగితే మాత్రం ఆవిడకి ఓ జవాబుంది. మాటలకి అర్థాలడిగే ఉద్యోగమనీ, దానికి జీతం కూడా ఇస్తారనీ చెబుతారు.

ఆ చెప్పడంలో తప్పేం లేదు. సాఫ్ట్‌వేర్ చేయించుకునేవాళ్ళకి ఏం కావాలో కనుక్కుని, దాన్ని చేసిపెట్టే కుర్రకారుకి అర్థమయ్యేలా రాయడమే ఆయన పని. ఆఫీసులో ఆయన్ని అందరూ ‘అంటేగారు’ అంటారు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు. తర్వాత ఎదుటే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళలో సగంమందికి అది అసలు పేరు కాదని కూడా తెలియదు.

ఆయన ఈ పనిలోకి కోరి రాలేదు. వయసులో ఉన్నప్పుడు ఇదే కంపెనీలో టైపు చేసేవారు. అప్పుడొక గోదాముల యజమానికి సరుకుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ చేశారు. ‘పదిమందీ వాడేది, ఆగిపోకూడదు’ అన్నాడట ఆ యజమాని. ఆ మాట విన్నవాళ్ళు విన్నట్టే రాశారు, చేసినవాళ్ళు రాసినట్టే చేశారు, సరిగ్గా పదిమందిని కూర్చోబెట్టి పరీక్షించారు. గోదాము తెరిచిన రోజున పదకొండో మనిషి మీట నొక్కగానే అంతా కొయ్యబారిపోయింది. లారీలు వీధి చివరిదాకా నిలబడిపోయాయి. పదిమంది అంటే పదిమంది కాదని, ఊరంతా అని ఆ పెద్దమనిషి జుట్టు పీక్కున్నాడు. ఆ గొడవంతా టైపు చేసింది ఈయనే. టైపు చేస్తూ చేస్తూ, ‘మొదటి రోజే పదిమంది అంటే ఎంతమందని అడిగి ఉంటే పోయేది కదా’ అన్నారు. ఆ అన్నదేదో ఒక మేనేజరు చెవిన పడింది. మర్నాటి నుంచి అడిగే పని ఆయనకే అప్పగించారు.

అడిగేవాణ్ణి ఎవరూ ఇష్టపడరని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ‘తేలిగ్గా ఉండాలి’ అంటారు. ‘తేలిగ్గా అంటే?’ అంటే మొహం ముడుచుకుంటారు. ఇది కూడా తెలియదా అన్నట్టు చూస్తారు. ఆ చూపులు ఆయనకి ముప్పై ఏళ్ళుగా అలవాటే. అలవాటైనా ఒళ్ళు అలసిపోతూనే ఉంటుంది, బరువు మోసే మనిషికి బరువు అలవాటైనట్టు.

టీ తాగి, కాగితాలూ లాప్‌టాప్ సంచిలో సర్దుకుని, ఆయన మెట్లు దిగారు.

ఆఫీసులో అడుగుపెట్టగానే టీమ్ లీడ్ ఆయన్ని చిన్న గదిలోకి పిలిచాడు. మంచి కుర్రాడు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడాలని చూస్తాడు, అందుకని చెప్పదలచుకున్న దానికి చుట్టూ తిరుగుతాడు. ఈ ఆసుపత్రి పని అయిపోయాక కొత్త ప్రాజెక్టులకి విడిగా రాసేవాళ్ళు ఉండరట. ఎవరికి కావలసింది వాళ్ళే మాట్లాడుకుంటారట. ఆయన మాత్రం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదట, సలహాలిస్తూ తమతోనే ఉండవచ్చట.

“సలహాలంటే?” అన్నారు ఆయన. అడగాలని అడగలేదు, నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

లీడ్ నీళ్ళసీసా మూత తీశాడు, మళ్ళీ బిగించాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి జాలేసింది. “సరేలే బాబూ, ఆ సంగతి తర్వాత చూసుకుందాం,” అని లేచి, ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పి బయటపడ్డారు. బస్సులో కూర్చున్నాక, తను ‘చూసుకుందాం’ అన్నానన్న సంగతి గుర్తొచ్చింది. ఎదుటివాళ్ళు ఆ మాట అంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఊరుకోలేదు.

ఆసుపత్రి పాతది, పెద్దది. గోడలకి నడుము ఎత్తుదాకా నూనె రంగు, ఆపైన సున్నం. సూపరింటెండెంటు మేడమ్ గదిలో కాగితాలు ఎగిరిపోకుండా మీద మందుసీసాలు బరువుగా పెట్టి ఉన్నాయి. ఆవిడకి కూడా ఆయన వయసే ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలకుండా, ఏ క్షణమైనా లేవాల్సిన మనిషిలా అంచున కూర్చుంటుంది.

ఆయన అడగవలసినవన్నీ అడిగారు. ఆవిడ విసుక్కోకుండానే చెప్పింది. వెళ్ళిపోవడమంటే డిశ్చార్జి అయినా సరే, చనిపోయినా సరే. డిశ్చార్జి అయినవాళ్ళ సంగతిలో పేచీ ఏమీ లేదు. చనిపోయినవాళ్ళ దగ్గరే వస్తోంది చిక్కు. డాక్టరు మరణం నిర్ధారించినా నర్సులు కంప్యూటర్లో ఎప్పుడో తీరిగ్గా ఎక్కిస్తున్నారు. ముఖ్యంగా పైన మగవాళ్ళ వార్డులో మరీను. అక్కడి హెడ్ నర్సు పనిమంతురాలే, కాని కంప్యూటరంటే బద్ధకం. ఈలోగా కింద వరండాలో స్ట్రెచర్ల మీద మనుషులు పడి ఉంటున్నారు.

“కాబట్టి నర్సుతో పనిలేకుండా చేసేయండి,” అంది ఆవిడ. “డాక్టరు మరణం ఎక్కించగానే బెడ్ ఖాళీ అని కింద తెర మీద పడాలి. వెంటనే అంటే వెంటనేనండీ. ఇందులో అర్థం కానిదేముంది చెప్పండి?”

అర్థం కానిది ఏమీ లేదు. ఆయన రాసుకున్నారు. చివరిగా ఆ వార్డు ఒకసారి చూసి వస్తానన్నారు. రాసేముందు ఆ పని జరిగే చోటికి వెళ్ళి కాసేపు కూర్చోవడం ఆయన పద్ధతి. మనుషులు చెప్పేదీ చేసేదీ ఎప్పుడూ ఒకటి కాదు.

వరండాలో గోడ వారగా స్ట్రెచర్లు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద ఒక పెద్దాయన పక్కకి తిరిగి దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటున్నాయి. కూతురనుకుంటా, ఎక్స్‌రే కవరుతో విసురుతూ నిలబడి ఉంది. ఈయన చేతిలో కాగితాలు చూసి ఆసుపత్రి మనిషే అనుకుంది.

“సార్, పైన బెడ్ ఏమైనా ఖాళీ అయిందాండీ? పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నాం.”

“నేను ఇక్కడి మనిషిని కాదమ్మా,” అన్నారు ఆయన. అలా అన్నాక కూడా ఆ అమ్మాయి ఆయన వంక చూస్తూనే ఉంది. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ చూపు వీపుకి తగులుతున్నట్టే ఉంది.

వార్డు పొడుగాటి గది. రెండు వైపులా బెడ్లు, మధ్యమధ్య వెలిసిపోయిన ఆకుపచ్చ తెరలు. తలుపు దగ్గర బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని మీద ఎవరో ఆరేసిన చేతితొడుగులు. హెడ్ నర్సు భారీ మనిషి. మోకాలికి పట్టీ కట్టుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. తను ఎవరో చెప్పి, ఒక మూల కూర్చుని చూస్తానన్నారు ఆయన.

“చూడ్డానికేముంది సార్ ఇక్కడ. ఎవరూ డాన్సులు చెయ్యరు,” అంది ఆవిడ, సూదిమందు సీసాని వెలుగుకి ఎత్తి పట్టుకుని.

అయినా ఆయన కూర్చున్నారు. ఆవిడా, ఇంకో చిన్న నర్సూ. అంతమంది రోగులకీ ఇద్దరే. ఒకరికి పక్క మార్చేలోగా ఇంకొకరు పిలుస్తారు. ఆవిడ కంప్యూటరు వైపు వచ్చినప్పుడల్లా ఫోనో, పిలుపో, ఎవరి దగ్గరో గిన్నె కిందపడ్డ చప్పుడో ఆవిడని వెనక్కి లాగేస్తోంది. బద్ధకమన్న మాట ఆయన కాగితం మీద కొట్టేశారు.

కాసేపటికి ఆవిడే వచ్చింది. “ఊరికే కూర్చున్నారు కదా. ఆ చివర కిటికీ పక్కన పెద్దాయన దగ్గర కూర్చోండి కాస్త. ఒక్కడే ఉంటే మాస్కు లాగేసుకుంటున్నాడు. వాళ్ళ తమ్ముడు దారిలో ఉన్నాడట. చెవి దగ్గర గట్టిగా మాట్లాడాలి, మిషను పెట్టుకున్నా సరిగ్గా వినపడదు.”

అది ఆయన పని కాదు. కాని ఆవిడ అడిగిన తీరులో కాదనడానికి సందు లేదు.

కిటికీ పక్క మనిషి సన్నగా, పొడుగ్గా, దిండు మీద సగం కూర్చున్నట్టు ఉన్నాడు. మాస్కు లోపల పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. చేతులు మాత్రం ఆ ఒంటికి చెందినవి కానట్టు బలంగా ఉన్నాయి. వేళ్ళ కొసల మీద నల్లటి పాత కాలినమచ్చలు. ఆయన చూపు మచ్చల మీద ఆగడం గమనించి ఆ మనిషి మాస్కు కొంచెం పక్కకి జరిపాడు.

సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేశాడట. వెనకటి మిషన్లలో బొగ్గు కడ్డీల మంటతో బొమ్మ పడేదట, ఆ కడ్డీలు మార్చేటప్పుడు కాలిన వేళ్ళట. ఆ మిషను హోరుకే చెవులు పోయాయట. ఆగి ఆగి, ఊపిరి అందినంతమేర చెబుతున్నాడు. అంటేగారు మాస్కు సర్దుతూ, మాట్లాడొద్దని సైగ చేస్తూ, వింటూ కూర్చున్నారు.

“మీరేం చేస్తారు?” అన్నాడు ఆపరేటరు.

ఆయన చెవి దగ్గరికి వంగారు. “కంప్యూటరు ఏం చెయ్యాలో రాస్తానండీ.”

“రాస్తే చేస్తుందా?”

“చేసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను రాయడం వరకే.”

ఆపరేటరుకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా అంటేగారు ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. చొక్కాలోంచి ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి.

“తమ్ముడు వస్తున్నానన్నాడు,” అన్నాడు తర్వాత. “వస్తున్నా అంటే వాడు ఇంకా చొక్కా తొడుక్కోలేదని అర్థం. చిన్నప్పటి నుంచీ అంతే.” కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. “ఒక రీలు అయిపోతుంటే పక్క మిషన్లో ఇంకోటి అందుకోవాలి. మారిన సంగతి హాల్లో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఈలలేస్తారు.”

“తెలిసేదా?”

“మొదట్లో తెలిసేది,” అన్నాడు ఆపరేటరు. మాస్కు తనే సరిగ్గా పెట్టుకున్నాడు. చెయ్యి మాత్రం అంటేగారి మణికట్టు మీద వేసి ఉంచాడు.

కిటికీ బయట ఎవరో బళ్ళు నిలిపే చోట గొడవపడుతున్నారు. వార్డులో పళ్ళెం ఒకటి కిందపడింది. అంటేగారు అటు చూసి ఇటు తిరిగారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు పెద్దదవుతోందని ఆయనకి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత ఒక సందు అలాగే ఉండిపోయింది. మణికట్టు మీది చెయ్యి బరువు పెరగలేదు, తగ్గలేదు. ఆయన ఆ చేతిని తియ్యకుండానే, ఇంకో చెయ్యెత్తి నర్సుని పిలిచారు.

డాక్టరు వచ్చాడు. చూశాడు, గడియారం చూశాడు, కాగితం మీద రాసి నర్సు చేతిలో పెట్టి ఇంకో వార్డుకి పరుగెత్తాడు. హెడ్ నర్సు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తెర లాగింది. మాస్కు తీసింది. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ముఖం కడిగింది, మెడ తుడిచింది, జుట్టు వెనక్కి నున్నగా దువ్వింది. దుప్పటి గుండెదాకా కప్పి, చేతులు పైకి తీసి పెట్టింది. కంప్యూటరు వైపు వెళ్ళలేదు.

ఫోను మోగింది. చిన్న నర్సు అక్కణ్ణుంచే, కింద నుంచి అడుగుతున్నారని, బెడ్ ఏమైనా అవుతుందా అంటున్నారని చెప్పింది.

“ఇంకా లేదని చెప్పు,” అంది హెడ్ నర్సు.

అంటేగారి చూపు ఆవిడ జేబులోని కాగితం మీద పడింది. ఆవిడే ఆయన వైపు తిరిగింది.

“రాసుకోండి సార్, దాచేదేముంది. తమ్ముడు వచ్చేసరికి అన్న ఇక్కడుండాలి కదా. కింద కంప్యూటరు తెర మీద ఖాళీ అని పడిందనుకోండి, నేను దువ్వెన కింద పెట్టేలోగా ఇంకో మనిషిని తీసుకొచ్చేస్తారు. అప్పుడు ఎవర్ని ఆపను?”

“కింద ఉన్నవాళ్ళు?” అన్నారు ఆయన, మెల్లగా.

ఆవిడ దువ్వెనలో చిక్కిన తెల్ల వెంట్రుకలు తీసి గుప్పిట్లో నలిపింది. “తెలుసు సార్. మెట్లు దిగినప్పుడల్లా కనబడతారు. అందుకే తలొంచుకుని దిగుతాను.”

ఆయన తెర ఇవతలికి వచ్చి, బల్ల దగ్గర ముక్కాలి పీట మీద కూర్చున్నారు.

ఆయన భార్య కూడా అలాగే ఒక వరండాలో పడి ఉంది. ఆ ఆసుపత్రి వేరు. పైన బెడ్ దొరికిందని చెప్పినప్పుడు ఇద్దరూ ఎంత సంబరపడ్డారో. పడుకోబెట్టాక, పరుపు ఇంకా వెచ్చగానే ఉందండీ అంది ఆమె. ఆ వెచ్చదనం ఎవరిదని ఇద్దరూ అనుకోలేదు. చాలా రోజులు అక్కడే ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మని తీసుకురమ్మంది. రేపు తీసుకొస్తానంటే తల అడ్డంగా ఆడించింది. ఆయన టాక్సీలో వెళ్ళి అత్తగారిని తీసుకొచ్చారు. అత్తగారికి అప్పుడే కంటి ఆపరేషను అయింది, ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక. అదే వార్డు, అదే బెడ్. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్న ఆడమనిషి. ఆయన ఇంకా తలుపు దగ్గరే ఉన్నారు. అత్తగారు గబగబా ముందుకి నడిచి, మంచం అంచున కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, “వచ్చానే,” అన్నారు.

ఆ మనిషి ఇటు తిరిగింది. ఎవరో. వీళ్ళు దారిలో ఉండగానే భార్య పోయింది, ఆ బెడ్ మీదికి ఈవిణ్ణి అప్పుడే వరండా నుంచి తెచ్చి పడుకోబెట్టారు. ఆవిడకి ఏం అర్థమైందో ఏమో, చెయ్యి తీసెయ్యమనలేదు. తన కూతురు కాదని తెలిశాక కూడా అత్తగారు చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

అందులో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. బెడ్ ఖాళీ అయింది, కావలసినవాళ్ళకి ఇచ్చారు. ఆయనకి కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

తమ్ముడు వచ్చేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. పొట్టిగా, బట్టతలతో, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న మనిషి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో తెర పట్టుకుని నిలబడిపోయాడు. హెడ్ నర్సు ఒక స్టూలు జరిపింది. అతను దాని మీద కూర్చున్నాడు. తర్వాత ముందుకి వంగి అన్న తల చూశాడు.

“జుట్టు ఎవరు దువ్వారండీ?”

“నేనే బాబూ.”

“మావాడు ఇలా దువ్వుకోడండీ,” అన్నాడు. చేతివేళ్ళతోనే ఆ జుట్టుని చెరిపి, ఎడమ నుంచి పాపిడి తీసి, నుదుటి మీదికి కొంచెం పడేలా సర్దాడు. సర్ది, వెనక్కి జరిగి చూసి, అప్పుడు ఏడ్చాడు.

అంటేగారు సంచి తీసుకుని నర్సుల గదిలోకి వెళ్ళారు. మంచినీళ్ళ కుండా, మందుల అట్టపెట్టెలూ ఉన్న ఇరుకు గది. ఒక అట్టపెట్టె మీద లాప్‌టాప్ పెట్టి రాయడం మొదలుపెట్టారు. రాశారు, చెరిపారు. ఎంతసేపు అని రాయాలి? గంట అని రాస్తే తమ్ముడు గంట దాటాక వస్తాడు. రెండు గంటలంటే కింద దగ్గుతున్న మనిషి ఆగలేకపోవచ్చు. ఏ అంకె వేసినా ఎవరో ఒకరి మీద పడుతుంది. ఇన్నేళ్ళుగా అంకె లేని వాక్యాన్ని ఆయన గుమ్మం దాటనివ్వలేదు. ఇవాళ అంకె వెయ్యడానికి చెయ్యి రావడంలేదు.

చివరికి ఇలా రాశారు. ‘మరణం నమోదైన తర్వాత, ఆ వార్డు నర్సు విడుదల చేసేదాకా బెడ్ ఖాళీ అయినట్టు ఎక్కడా చూపకూడదు. కింద బెడ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమందో, ఎంతసేపటి నుంచి ఉన్నారో, ఆ నర్సుకి కనబడుతూ ఉండాలి.’ రెండుసార్లు చదువుకున్నారు. ఎవరు చెయ్యాలో ఉంది. ఏం చూసి చెయ్యాలో ఉంది. వెంటనే అన్న మాట లేదు.

సూపరింటెండెంటుకి ఫోను చేసి చదివి వినిపించారు.

“విడుదల చేసేదాకా అంటే ఎంతసేపండీ?” అంది ఆవిడ.

“ఎంతసేపో రాయలేదండీ. ఎవరు చెప్పాలో రాశాను.”

“అన్నింటికీ అంకె అడిగేది మీరు. కింద మనుషులున్నారండీ.”

“ఉన్నారు. ఇందాక చూసే వచ్చాను. వాళ్ళ సంగతి ఆవిడ ఎదుట పెట్టమన్నాను. చూసి ఆవిడే చెబుతుంది.”

“మర్చిపోతే?”

“గుర్తు చెయ్యమని రాస్తాను. దానంతట అదే ఖాళీ చెయ్యమని మాత్రం రాయలేను.”

అవతల కుర్చీ కిర్రుమంది. ఆవిడ మొదటిసారి వెనక్కి వాలిందనుకున్నారు ఆయన. ఎవరో తలుపు తట్టారు, ఆవిడ ఆగమంది.

“సరే, ఉంచండి. సంతకం పెడతాను,” అంది చివరికి. “రేపు గొడవొస్తే మీ పేరే చెబుతాను.”

“చెప్పండి. అప్పటికి ఈ పనిలో ఉండను,” అన్నారు ఆయన. ఎలా చెప్పాలా అని పొద్దుటి నుంచీ లోపల నానుతున్న మాట అంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆవిడ ఏదో అనబోయింది. మళ్ళీ తలుపు చప్పుడైంది, ఫోను పెట్టేసింది.

బయట తమ్ముడు అన్న సంచి భుజాన వేసుకుని, స్ట్రెచరు పక్కనే నడుస్తూ వెళ్ళిపోయాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక హెడ్ నర్సు బల్ల దగ్గరికి వచ్చి, తొడుగులు పక్కకి తోసి, ఒంటివేలితో కీలు నొక్కింది. జేబులోంచి డాక్టరు కాగితం తీసి సరిచూసుకుంది. అంటేగారు తను రాసింది ఆవిడకి చదివి వినిపించారు. ఆవిడ నిలబడే విన్నది.

“అంటే ఇక అబద్ధం చెప్పక్కర్లేదు,” అంది. అని, మోకాలు పట్టుకుని రెండో వరసలో ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది.

ఆయన వార్డు బయట వరండా చివరికి వెళ్ళి ఇంటికి ఫోను చేశారు. ఆలస్యమవుతుందన్నారు. ఎందుకని అడిగారు అత్తగారు. మామూలుగా అయితే పని ఉందంటారు, ఆవిడా అంతటితో ఊరుకుంటారు.

“ఇక్కడొకాయన పోయారు అత్తయ్యా. వాళ్ళ తమ్ముడు వచ్చేదాకా ఉన్నాను.”

అవతల నీళ్ళ చప్పుడు వినబడుతోంది. అది ఆగింది.

“వచ్చాడా?”

“వచ్చాడు.”

“వచ్చేసరికి ఆయన మంచం మీదే ఉన్నాడా?”

“మంచం మీదే ఉన్నారు. ముఖం కడిగి, తల దువ్వి ఉంచారు.”

ఆయన ఫోను చెవికి ఆనించుకుని, కింద ఆవరణలో దీపాలు వెలగడం చూస్తూ నిలబడ్డారు.

“సరే బాబూ,” అన్నారు అత్తగారు. “అన్నం వండి మూత పెడతాను. మెల్లగా రండి.”

సంచి కోసం వెనక్కి వచ్చేసరికి కింద వరండాలో దగ్గుతున్న పెద్దాయనని తెచ్చి కిటికీ పక్కన పడుకోబెడుతున్నారు. కొత్త దుప్పటి మడతలు ఇంకా విప్పుకోలేదు. దిండు ఎత్తు చెయ్యగానే దగ్గు కాస్త నెమ్మదించింది. కూతురు ఎక్స్‌రే కవరు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. అంటేగారిని గుర్తుపట్టి ఒక్క పిసరు నవ్వింది. ఈసారి ఆ చూపు ఆయన వీపున మొయ్యనక్కర్లేకపోయింది. వెళ్ళొస్తానన్నట్టు తలూపి సంచి అందుకున్నారు.

“సార్, ఇక్కడేదో కూస్తోందండీ,” అంది ఆ అమ్మాయి.

ఆయన వంగి విన్నారు. మంచం పక్క అలమార మీద, మందుసీసాల వెనక ఒక స్టీలు గ్లాసుంది. ముఖం కడిగేటప్పుడు తీసి అందులో వేసి ఉంటారు. తమ్ముడు చూసుకోలేదు, నర్సుకి గుర్తులేదు. గ్లాసు అడుగున చిక్కుడుగింజంత వినికిడి మిషను, ఎవరూ ఆపకపోవడంతో, సన్నగా ఈల వేస్తూ ఉంది.